ఆడ పన్నెండు, ఈడ పన్నెండు

మా సంఘంలో ప్రయాణాలకు ప్రార్థన చేసే పద్ధతి ఒకటుంది. ఎవరైనా ఊరు వెళ్తుంటే బండి కదిలినప్పటి నుంచి వాళ్ళు దిగేదాకా విశ్వాసులు వంతులవారీగా మోకాళ్ళ మీద ఉండాలి. ఒకరు ఆమేన్ అనేలోపు ఇంకొకరు అందుకోవాలి. దీన్ని గొలుసు ప్రార్థన అంటాం. నెల్లూరు బస్సుకైతే ముగ్గురు చాలు. విజయవాడ రైలుకు ఏడెనిమిది మంది కావాలి. గొలుసు ఎక్కడ తెగితే అక్కడ సాతాను చెయ్యి పెడతాడని మా పాస్టరు అయ్యగారి బోధ. దానికి ఆయన దగ్గర సాక్ష్యం కూడా ఉంది. ఒకసారి ఆయనెక్కిన రైలు గూడూరు బయట పొలాల మధ్య చాలాసేపు నిలిచిపోయింది. ఆ సమయానికి వంతు మా నాన్నది, ఆయన మోకాళ్ళ మీదే గోడకు ఆనుకుని నిద్రపోయాడు. ప్రభువునందు నిద్రించేదాకా మా నాన్నను ఆ గూడూరు వదల్లేదు.

మా మందిరం మద్రాసు చూలైలో, అట్టపెట్టెలు చేసే వర్క్‌షాపు మీద మేడ. మామూలు రోజుల్లో కింద మిషను ఆడుతుంటే పైన ప్లాస్టిక్ కుర్చీలు వణుకుతాయి. ఆదివారం మిషను ఉండదు గనుక వాటిని వణికించే బాధ్యత కీబోర్డు వాయించేవాళ్ళు తీసుకుంటారు. మేం తెలుగువాళ్ళమే, పాటలూ తెలుగువే, కాని మా పిల్లలకు తెలుగు చదవడం రాదు కాబట్టి పాటల పుస్తకం తమిళ లిపిలో అచ్చు వేయించాం. ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళకు తమిళం చదవడం రాదు, వాళ్ళు పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని మాకన్నా బాగా పాడతారు.

ఇలాంటి సంఘంలోంచి మొట్టమొదట విమానం ఎక్కిన మనిషి మా పిన్ని.

పిన్ని సౌకార్‌పేటలో ఒక తెలుగు వర్తకుల ఇంట్లో పెద్దావిడను చూసుకుంటుంది. స్నానం చేయించడం, మాత్రలు వేయడం, సాయంత్రం మేడ మీద చెయ్యి పట్టుకుని నడిపించడం. ఆ పెద్దావిడ మనవరాలికి లండన్‌లో పెళ్ళి. పిన్ని రాకపోతే నేనూ రానని ముసలావిడ మంచం పట్టుకుని కూర్చుంది. చేసేదిలేక వాళ్ళు పిన్నికి పాస్‌పోర్టు, వీసా, టికెట్టు అన్నీ తీయించారు.

పిన్ని ఆ సంగతి మాకు మామూలుగా చెప్పలేదు. ఆదివారం ఆరాధనలో, సాక్ష్యాల సమయంలో, మైకు పట్టుకుని చెప్పింది. పక్కనే కూర్చున్న సొంత అక్కకు, అంటే మా అమ్మకు, ముందు ఒక్క మాట చెప్పలేదు. అమ్మ స్తోత్రం అంది. ఆ స్తోత్రం విన్నవాళ్ళెవరికైనా ఇంటికెళ్ళాక ఏం జరగబోతుందో తెలిసే ఉంటుంది.

ఇంట్లో మాట మీద మాట పెరిగింది. కొత్త స్వెట్టరు, కొత్త బూట్లు, విమానంలో కిటికీ పక్క సీటు అడిగానని పిన్ని చెబుతూ ఉంటే అమ్మ బియ్యం ఏరుతూ వింటూ ఉంది. చివరికి చేట కింద పెట్టి, తలెత్తకుండా అంది:

"పో, పో. అంత తొందరగా ఉంటే పైకే పో."

అన్నాక ఇద్దరికీ ఆ మాట వినబడింది. తెలుగులో పైకి పోవడమంటే విమానం ఎక్కడం కాదు. పిన్ని నవ్వబోయి ఆగింది. సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. నాలుక నిప్పులాంటిదని మేం ఆదివార బడిలోనే నేర్చుకుంటాం. ఎంత నేర్చుకున్నా మా ఇంట్లో నాలుకలు చల్లారిన రోజు నాకు గుర్తులేదు. కాని ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు. మరునాడు బియ్యంలో రాళ్ళు అలాగే ఉండిపోయాయి.

శుక్రవారం ప్రార్థన కూటంలో అమ్మ లేచి నిలబడి అందరి ముందు మొక్కుకుంది. మా చెల్లెలు విమానం ఎక్కినప్పటి నుంచి ఆడ కాలు పెట్టేదాకా ఈడ నేను ముద్ద ముట్టను, మంచినీళ్ళు తాగను అని. అమ్మకు చక్కెర వ్యాధి ఉంది. నేను చెయ్యి పట్టుకుని లాగితే విదిలించుకుంది. అయ్యగారికి కూడా భయమేసినట్టుంది, మాత్ర మింగడానికి తాగే నీళ్ళు ఉపవాసం లెక్కలోకి రావని వెంటనే సడలింపు ప్రకటించారు. పిన్ని వెనక వరసలో కూర్చుని అంతా వింది. అక్కాచెల్లెళ్ళు అప్పుడు కూడా మాట్లాడుకోలేదు.

ఇక లెక్క వేయాలి. గొలుసు ప్రార్థనకు ఎంతమంది కావాలో, అమ్మ ఉపవాసం ఎప్పుడు ముగించాలో తేలాలంటే విమానం ఎంతసేపు ఎగురుతుందో తెలియాలి. పిన్ని దగ్గర టికెట్టు ఉంది. అయ్యగారు కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు. ఆదివారం తెల్లవారి ఐదున్నరకు మద్రాసులో బయల్దేరుతుంది, పదకొండున్నరకు లండన్ చేరుతుంది. ఆరు గంటలు. దిగి బయటికి రావడానికి ఇంకో అరగంట వేసుకుని పన్నెండు అన్నారు.

"విజయవాడంత దూరమే," అన్నారు అయ్యగారు.

అమ్మ ముఖంలో భయం ఉండాల్సిన చోట కొంచెం నిరాశ కనిపించింది. ఇంత దగ్గరకా అది అంత ఎగిరిందీ అని నా చెవిలో గొణిగింది.

కింద వర్క్‌షాపు నడిపేది మా సంఘ పెద్దే. ఆయనకు ఏదో సందేహం వచ్చి, లండన్ ఎనిమిది వేల కిలోమీటర్లు ఉంటుందని ఎక్కడో చదివానన్నాడు. ప్రార్థనకు కిలోమీటర్లు లేవు సోదరా అని అయ్యగారు ఆయన్ని కూర్చోబెట్టారు. ఆ మాట నిజమే, నేనూ నమ్ముతాను. అయితే విమానానికి ఉన్నాయి. ఆరు గంటల్లో ఎనిమిది వేల కిలోమీటర్లు పోగలిగిన బండి, నాకు తెలిసి, ప్రవక్తను ఎక్కించుకుపోయిన అగ్నిరథం ఒక్కటే. డిగ్రీ చదివినవాళ్ళం నలుగురం ఆ గదిలో ఉన్నాం, ఒక్కరమూ భాగించి చూడలేదు. నేనైతే షోళింగనల్లూరులో కంప్యూటర్ల ఆఫీసులో పని చేస్తాను. నేను అన్నం తిని, మధ్యాహ్నం కునుకు వస్తున్న వేళకు లండన్ నుంచి ఒకాయన ఫోన్ చేసి నాకు రోజూ గుడ్ మార్నింగ్ చెబుతాడు. అయినా మందిరం మెట్ల దగ్గర చెప్పులతో పాటు ఆఫీసు బుర్రను కూడా వదిలేసి పైకెక్కడం నాకు అలవాటు.

ఆదివారం అంతా అనుకున్నట్టే నడిచింది. విమానం లేచిన వేళకు మొదటి వంతు అయ్యగారే తీసుకున్నారు. ఆరాధన మొదలయ్యాక కూడా గొలుసు ఆగలేదు, పక్క గదిలో ఒకరు మోకాళ్ళ మీద, ఇవతల మిగతావాళ్ళం పాటల్లో. అమ్మ ముందు వరసలో గోడకు ఆనుకోకుండా కూర్చుంది. పెదవులు ఎండిపోయాయి. సంఘ పెద్ద మనవడి పుట్టినరోజని ఆయన ఆ రోజు ప్రేమవిందుకు మటన్ బిరియానీ చేయించాడు. మెట్ల కింద దమ్ము తీసినప్పుడు వాసన పైకి వచ్చింది. అయ్యగారు ప్రభువు అరణ్యంలో చేసిన నలభై దినాల ఉపవాసం గురించి బోధిస్తున్నారు. శోధన అంటే ఏమిటో ఆ ఆదివారం మాకు విడమరచి చెప్పనక్కరలేకపోయింది.

పన్నెండు కొట్టింది. అయ్యగారు చేతులెత్తి దీవెన ఇచ్చి, మన సోదరి క్షేమంగా దిగిందని ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ కళ్ళు తుడుచుకుని మొదట నీళ్ళు తాగింది, తరవాత ఆకు ముందు కూర్చుంది. ఒకసారి వడ్డించుకుంది. మళ్ళీ వడ్డించుకుంది. చెల్లెలి ప్రాణానికి పూచీపడి గెలిచిన మనిషి తినే తిండి అది, నేను కూడా అడ్డు చెప్పలేదు.

చేతులు కడుక్కున్నాక నేను ఫోన్ చేశాను. పిన్ని ఫోన్ స్విచాఫ్. సరే, అక్కడ పనిచేయదేమో అనుకుని పెళ్ళికూతురి నంబరుకు చేశాను. ఆ అమ్మాయే విమానాశ్రయానికి వచ్చి వాళ్ళను తీసుకువెళ్తానంది. చాలాసేపు మోగాక ఎత్తింది. గొంతు నిద్రలో ఉంది. అందరూ వినాలని నేను స్పీకరు పెట్టాను.

"పిన్ని వచ్చేసిందా అమ్మా?"

"ఎక్కడికండీ?" అంది ఆ అమ్మాయి. "ఇక్కడ ఇప్పుడే తెల్లారుతోంది. ఫ్లైటు రావడానికి ఇంకా నాలుగ్గంటలకు పైనే ఉంది."

మందిరంలో చెయ్యి కడుక్కున్నవాళ్ళు, కడుక్కోనివాళ్ళు అందరూ అలాగే నిలిచిపోయారు. అమ్మ చేతిలో వక్కపలుకు నోటికి చేరకుండా ఆగింది.

"ఆడ ఇప్పుడు తెల్లారతా ఉండాదా?" అంది. "అయ్యగారూ, అయితే మనం తిన్నది ఏ పన్నెండుకు?"

"ఈడ పన్నెండుకే గదమ్మా," అన్నారు అయ్యగారు. ఆయన గొంతులో బోధ లేదు.

"నేను మొక్కింది ఆడ కాలు పెట్టేదానికి."

టికెట్టు మీద ఉన్న రెండు సమయాలు రెండు ఊళ్ళవని అప్పుడు వెలిగింది మాకు. మా తమ్ముడి కూతురు కాలేజీలో చదువుతుంది, అది ఫోన్‌లో విమానాలు ఎక్కడెక్కడ ఎగురుతున్నాయో చూపించే మ్యాపు తెరిచింది. అందరం దాని భుజాల మీద పడ్డాం. చిన్న పసుపు విమానం ఒకటి నీళ్ళ రంగు మీద ఉంది. అది ఏ సముద్రమే అని సంఘ పెద్ద అడిగితే నల్ల సముద్రం అంది. ఎర్ర సముద్రం గురించి మాకు ధైర్యమే, రెండుగా చీలిన చరిత్ర ఉంది దానికి. నల్ల సముద్రం గురించి వాక్యంలో ఎక్కడా ఏమీ లేదు.

అయ్యగారు తేరుకున్నారు. ఆ పక్కనే, జలప్రళయం తగ్గాక ఓడ వచ్చి ఆగిన కొండలుంటాయి, ఆ చోటు దేవుని కాపుదలలో ఉన్న చోటు, భయపడవద్దన్నారు.

"ఆగేదానికి కాదు అయ్యగారూ," అంది అమ్మ, "పోయేదానికి టికెట్టు తీసినారు దానికి."

ఎవరూ నవ్వలేదు. నాకు నవ్వొచ్చి దగ్గులోకి దింపుకున్నాను.

తరవాత అరగంట పాటు మా మందిరంలో జరిగిన వేదాంత చర్చ ఏ బైబిలు కాలేజీలోనూ జరిగి ఉండదు. మొక్కుబడి తెగిందా లేదా అన్నది ప్రశ్న. టికెట్టు ప్రకారం పన్నెండుకు అని సంఘం నిర్ణయించింది, పన్నెండు దాకా సోదరి ఉపవాసం ఉంది, కాబట్టి చెల్లింది అన్నారు అయ్యగారు. నేను టికెట్టుకు మొక్కలేదంది అమ్మ. దేవుడికి ఏ ఊరి గడియారం ఉంటుందని సంఘ పెద్ద అడిగాడు. ఆయనకు వెయ్యేళ్ళు ఒక దినం అయినప్పుడు నాలుగ్గంటలు ఒక లెక్కా అన్నారు ఎవరో వెనకనుంచి. అలాగైతే నెలకోసారి అద్దె కూడా ఆ లెక్కలోనే ఇవ్వవచ్చు కదా అని సంఘ పెద్ద అన్నాడు, మేడ ఆయనది మరి. బైబిల్లో ఒక సేనాధిపతి ప్రార్థిస్తే సూర్యుడు ఒక పగలంతా ఆకాశంలో ఆగాడు కదా, ఇప్పుడు కూడా ఆగినట్టు అనుకుందాం అన్నారు ఇంకొకరు. నేనీ సంఘంలోనే పుట్టాను, ఇందులోనే పోతాను. బయటివాళ్ళు మమ్మల్ని చూసి నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే ఆ నవ్వేదేదో నేనే ముందు నవ్వేస్తుంటాను.

చర్చ తేలకపోయినా ఒక్కటి తేలింది. గొలుసు మళ్ళీ మొదలుపెట్టాలి. అయితే గొలుసులో లంకెలన్నీ బిరియానీ తిని ఉన్నాయి. ఖాళీ కడుపుతో ప్రార్థిస్తే ఆత్మ తేలుతుందంటారు. మటను తిన్నాక మాత్రం కళ్ళు మూయడం దాకా బ్రహ్మాండంగా కుదురుతుంది, ఆ తరవాత సంగతి ఎవరి చేతుల్లోనూ ఉండదు. ఒకరి విజ్ఞాపన మధ్యలో త్రేన్పు వచ్చింది. సంఘ పెద్ద వంతు వచ్చేసరికి, ప్రభువా నీ దాసురాలిని అని మొదలుపెట్టి ఆ దాసురాలి దగ్గరే గురక తీశాడు. అయ్యగారు గూడూరు అన్నట్టు నా వైపు చూశారు.

అమ్మ మాత్రం ఎవరి వంతూ చూడలేదు. చాప మీద మోకాళ్ళు ఊని అలాగే ఉండిపోయింది. నీళ్ళు తెచ్చిస్తే ముట్టలేదు. తిన్నది ఎలాగూ కడుపులో ఉంది గనుక అమ్మ ఆరోగ్యానికి ఢోకా లేదు, ఇంత క్షేమకరమైన ఉపవాసం లోకంలో ఎవరూ చేసి ఉండరు. కాని దగ్గరికి వెళ్ళి కూర్చున్నాక నాకు హాస్యం తగ్గింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"అది ఇంకా పైనే ఉండాది," అంది నాకు మాత్రమే వినబడేట్టు. "నేను దాన్ని ఏమన్నానో నీకు తెలుసు గదా. ఆ మాట వెనక్కి తీసుకునేదానికి ఇది ఒక్కటే దారి అనుకుంటి. ఇదీ తిని పోగొట్టినా."

బైబిల్లో తొందరపడి మొక్కుకుని ఇంటి ఆడపిల్లను పోగొట్టుకున్న న్యాయాధిపతి కథ అమ్మకు కంఠతా వచ్చు. చిన్నప్పుడు నాకు జడ వేస్తూ చెప్పేది. ఇప్పుడు అమ్మ మనసులో అదే తిరుగుతోందని నాకు అర్థమైంది. దేవుడు వింటున్నది నిన్ను అమ్మా, నీ కడుపును కాదు అన్నాను. మా ఆదివార బడి పిల్లలకు నేను చెప్పే మాటే అది.

"నీకు బోధలు చెప్పుకునేదానికి ఆఫీసులో ఎవరూ దొరకలేదా," అంది అమ్మ. నాకు కాస్త ప్రాణం కుదుటపడింది. దెప్పగలిగినంతసేపు అమ్మకు ఏమీ కాదు.

మధ్యాహ్నం నెమ్మదిగా జరిగింది. మేనకోడలు ఫోన్ ఛార్జింగులో పెట్టి మధ్య మధ్య విమానం ఏ దేశం మీద ఉందో ప్రకటిస్తూ వచ్చింది. మేం ఎన్నడూ వినని దేశాల పేర్లెత్తి, వాటి మీదుగా పోతున్న మా పిన్నిని కాపాడమని ప్రార్థించాం. ఆ దేశాల కోసం అంత మనసుపెట్టి ప్రార్థించింది బహుశా అదే మొదలు. చివరికి పసుపు విమానం ఆగింది. అది చెప్పడానికి పిల్ల అరవబోయి, అయ్యగారు ప్రార్థనలో ఉన్నారని ఆగి, మెల్లగా నా చెయ్యి గిల్లింది.

టీ తాగే వేళ దాటాక ఫోన్ మోగింది. పెళ్ళికూతురి ఫోన్ నుంచి పిన్ని. నేను స్పీకరు పెట్టి అమ్మ ముందు చాప మీద ఉంచాను. అమ్మ లేవలేదు, మోకాళ్ళ మీద నుంచే ఫోన్ మీదికి వంగింది. అయ్యగారు, సంఘం అంతా చుట్టూ నిలబడ్డారు.

"అక్కా," అంది పిన్ని. ఆ మాట వాళ్ళిద్దరి మధ్య చాలా రోజుల తరవాత పలికింది. "వచ్చేసినా. చలి చంపతా ఉండాది. నువ్వెట్లుండావు? కళ్ళు తిరగతా ఉండాయా?"

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకు ఈడ దాకా అదే దిగులు," అంది పిన్ని. "నీకేమో షుగరు. విమానంలో పిల్ల తట్ట నిండా తెచ్చి పెట్టినాది, బన్నూ, వెన్నా, ఏందో కోడిగుడ్డూ. రెండుసార్లు పెట్టినాది. మా అక్క ఆడ ఉపాసం ఉంటే నాకెట్లా దిగతాది? తట్ట తట్టే ఇచ్చేసినా. నీళ్ళు కూడా తాగలా."

నా చుట్టూ ఉన్నవాళ్ళ చూపులన్నీ నేల మీదికి దిగాయి. సంఘ పెద్ద తన పొట్ట మీదున్న చెయ్యి తీసేశాడు. అయ్యగారు నాకు సైగ చేశారు, చెప్పవద్దని. అమ్మ ఆ సైగ చూసింది. ఆయన ముఖంలోకి ఒకసారి చూసి మళ్ళీ ఫోన్ వైపు తిరిగింది.

"నేను తిన్నానే," అంది.

అయ్యగారు సైగ చేసిన చెయ్యి దించేశారు.

"మధ్యాహ్నమే తిన్నా. నువ్వు దిగినావని చెప్పినారు. దిగలేదని తెలిసేలోపు తినేసినా. రెండుమాట్లు పెట్టించుకున్నా." అమ్మ ఆగింది. "నువ్వు నల్ల సముద్రం మీద ఉండినావంట అప్పుడు."

 ఫోన్ కట్టయిందేమోనని నేను వంగి చూశాను.

"ఏం తిన్నావు?" అంది పిన్ని చివరికి.

"బిరియానీ."

"చికెనా, మటనా?"

"మటను."

"ఇన్నేళ్ళు చికెన్ పెట్టి, నేను ఊరు దాటినాక మటను పెట్టినారా?" అంది పిన్ని. "ఆ అయ్యగారు ఆడనే ఉండాడా?"

అయ్యగారు రెండడుగులు వెనక్కి వేశారు. మొదట నవ్వింది ఎవరో నాకు తెలియదు, తరవాత మందిరం మొత్తం నవ్వింది. అమ్మ నవ్వలేదు. ఏడ్చింది. ఏడుస్తూనే ముక్కు చీదుకుని, గొంతు పెంచి, చెల్లెలి మీదికి దిగింది. తినకుండా వచ్చేదానికి బుద్ధి ఉందా, ముసలావిడను ఎత్తి దించే మనిషివి, కళ్ళు తిరిగి పడితే ఆ దేశంలో నిన్ను ఎత్తేదెవరు అని. పిన్ని ఊరుకోలేదు, ఒక్కపూట నోరు కట్టుకోలేనిదానివి అంతమంది ముందు మొక్కెందుకు మొక్కినావు అంది.

"సెరి, సెరి," అంది అమ్మ. "నీ దగ్గర ఇప్పుడు తినేదానికి ఏమన్నా ఉండాదా?"

పిన్ని కొంచెం తడబడింది. తట్ట ఇచ్చేసే ముందు బన్ను మాత్రం తీసి స్వెట్టరు జేబులో వేసుకుందట, వృథా పోతుందని.

"తీసి తిను," అంది అమ్మ. "ఫోన్ పెట్టమాక. నేను వినాల."

పిన్ని సిగ్గుపడింది, చుట్టూ జనం ఉన్నారంది. ఈడ కూడా జనమే ఉండారు, తిను అంది అమ్మ. అటు ప్లాస్టిక్ కవరు చిరిగిన చప్పుడు వచ్చింది. తరవాత మా పిన్ని బన్ను నమిలింది. ఎండిపోయిన బన్నులా ఉంది, నిదానంగా నమిలింది. చూలైలో మా సంఘమంతా చాప చుట్టూ నిలబడి, ఒక్క మాట లేకుండా, ఆ నమలడం విన్నాం. అయ్యగారు ఎందుకో కళ్ళు మూసుకున్నారు. ఆ రోజంతా మేం చేసిన ప్రార్థనల్లో ఎవరూ కునికిపాట్లు పడకుండా వింటూ ఉన్నది అదొక్కటే.

"గొంతు పట్టుకుంటాది," అంది అమ్మ మధ్యలో. "నీళ్ళడిగి తాగు ఆ పెళ్ళికూతుర్ని."